చంద్రమతి మీద నింద, సేలం నాటకము

హరిశ్చంద్ర నాటకము చూడని తెలుగు కుటుంబము అరుదు. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి నాటకములో కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది. అయినా ఆ పద్యాల కొరకు, నడుమ చేర్చి పాడే జాషువాగారి శ్మశాన పద్యాల కొరకు, కునికిపాట్లు పడుతూనైనా కూర్చున్నవారు మన పెద్దలలో ఎందరో ఉన్నారు. తిరుత్తణి, తిరువళ్లూరు వైపు పల్లెలలో తమిళ సోదరులు ఇదే ఘట్టమును మయాన కాండమని పేరుపెట్టి కూత్తు ఆడుతారు. భాష ఏదైనా ప్రేక్షకుల కన్నీరు ఒకటే. అయితే మనమందరము హరిశ్చంద్రుని సత్యనిష్ఠను గురించి మాట్లాడుకొన్నంతగా, చంద్రమతిని వధ్యశిల వద్దకు ఏ కారణము చేత తెచ్చినారన్న సంగతి మాట్లాడుకోము. ఈ వ్యాసమునకు ఆ సంగతే మూలము.

మార్కండేయ పురాణములో హరిశ్చంద్రోపాఖ్యానము ఉన్నది గాని అందులో ఆమె మీద నింద లేదు. తల్లి పిల్లవాని శవముతో శ్మశానమునకు వస్తుంది, భార్యాభర్తలు ఒకరినొకరు గుర్తుపడతారు, అంతే. దేవీ భాగవతములో కథ పెరిగినది. కొడుకు పాముకాటుతో పోయినాడని తెలిసినా యజమాని ఇంటి పని ముగిసేదాకా ఆ తల్లికి సెలవు దొరకదు. అర్ధరాత్రి ఒంటరిగా బయలుదేరుతుంది. నగరము కాపలావారు ఎదురై ఎవతెవు, ఈ పిల్లవాడు ఎవడు, నీ మగడెక్కడ అని అడుగుతారు. దుఃఖము చేత ఆమెకు నోట మాట రాదు. మాట రాలేదు గనుక ఇది మానవకాంత కాదు, పిల్లలను చంపే రాక్షసి అని వారు నిశ్చయించి, బంధించి వధకు అప్పగిస్తారు. మన రంగస్థలము మీద వాడుకలో ఉన్న కథలో కాశీరాజు కుమారుని హత్య ఆమె మీద పడుతుంది. అక్కడ రాక్షసి అన్నారు, ఇక్కడ హంతకి అన్నారు. రెండు చోట్లా విచారణ అన్నది మాత్రము లేదు.

ఎందుకు లేదు? కాశీలో ఆమెను ఎరిగినవారు ఒక్కరూ లేరు గనుక. అయోధ్యలో ఆమె మహారాణి. కాశీలో అమ్ముడుపోయిన దాసి. ఈవిడ మా ఎరుకలోని మనిషి, ఇటువంటి పని చేయదు అని చెప్పడానికి ఎవరున్నారు? ఈ సంగతి మనవంటి వలస కుటుంబాలకు విడమరచి చెప్పనక్కరలేదు. కొత్త ఊరిలో ఇల్లు అద్దెకు అడిగితే ముందుగా వచ్చే ప్రశ్న, మీరు ఎవరి తాలూకు అని. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక్క పేరు చెప్పగలిగితే తలుపు తెరుచుకొంటుంది. ఇక్కడి తెలుగువారిలో కొందరు ఎక్కడనుండో వచ్చినవారు కారు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రములో చేరినప్పుడు సరిహద్దే వారి ఇండ్లను దాటి అవతలికి జరిగినది. అది వేరే కథ.

మన పిల్లలలో ఇంగ్లీషు సాహిత్యము చదివేవారు ఆర్థర్ మిల్లర్ అనే అమెరికా రచయిత నాటకమొకటి చదువుతుంటారు. పేరు ది క్రూసిబుల్. అంటే కంసాలి బంగారము కరగించే మూస. అది 1953 జనవరి 22న న్యూయార్కులో మొదటిసారి ఆడినారు. బలిజేపల్లివారు కన్నుమూసినది కూడా 1953లోనే కావడము కాకతాళీయము. చేతబడి నిందను గురించిన నాటకాలలో ప్రపంచమంతటా పేరుపొందినది ఇదే. పరీక్షకు పాత్రల స్వభావము వ్రాయుము, సంఘర్షణ వివరింపుము అని ప్రశ్నలు వస్తాయి. పిల్లలు గైడు చూచి, ప్రాక్టర్ మంచివాడు, అబిగెయిల్ చెడ్డది అని వ్రాసి వస్తారు. చంద్రమతిని ఎరిగిన ఇంటి పిల్లలు అంతకంటె బాగుగా వ్రాయవచ్చునని నా నమ్మకము.

కథ జరిగిన ఊరు సేలం. జోలార్‌పేట దాటిన తరువాత వచ్చే మన సేలం కాదు. అమెరికా తూర్పు తీరములో, మాసచుసెట్స్ అనే చోట, ఇంగ్లాండునుండి వలస వెళ్లిన మతనిష్ఠాపరులు కట్టుకొన్న ఊరు. పట్టణము వేరు, దాని వెనుక పొలాల మధ్య ఉన్న సేలం గ్రామము వేరు. అనర్థము పుట్టినది గ్రామములో. ఆ గ్రామమునకు 1752లో డాన్వర్స్ అని పేరు మారినది గనుక, ఇప్పుడు సేలం వెళ్లి వెదికేవారికి అసలు చోటు పక్క ఊరిలో కనబడుతుంది.

1692 ఆరంభములో గ్రామ పురోహితుడు శామ్యూల్ పారిస్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు విచిత్రమైన జబ్బు చేసినది. ఆయన కుమార్తె బెట్టీకి తొమ్మిదేండ్లు, ఆ ఇంట పెరుగుతున్న బంధువుల పిల్ల అబిగెయిల్‌కు పదకొండు పన్నెండేండ్లు. వంకరలు తిరగడము, కేకలు వేయడము, ఎవరో గిల్లుతున్నారని, పొడుస్తున్నారని ఏడవడము. వైద్యుడు చూచి ఇది దుష్టశక్తి చేయి అన్నాడు. అప్పటినుండి జబ్బు ఏమిటి అన్న ప్రశ్న పోయి, చేసినది ఎవరు అన్న ప్రశ్న వచ్చినది. పిల్లలను గుచ్చి గుచ్చి అడిగినారు. మూడు పేర్లు వచ్చినవి. పారిస్ ఇంటి బానిస టిట్యూబా, బిచ్చమెత్తుకొనే శారా గుడ్, చర్చికి రాక మంచము పట్టి ఉన్న శారా ఆస్‌బర్న్. మూడు పేర్లూ చూడండి. పరాయి దేశపు దాసి, దిక్కులేనిది, ఊరికి కిట్టనిది. కాశీలో చంద్రమతి ఉన్న స్థితి ఇదే.

అయితే అంతటితో ఆగి ఉంటే ఈ కథను గురించి నాటకము వ్రాసే పని ఉండేది కాదు. ఆ గ్రామములో చాలా కాలముగా కక్షలు ఉన్నవి. పురోహితునికి జీతము ఇవ్వాలా వద్దా, ఆయనకు చలికాలపు వంటచెరకు ఎవరు కొట్టి తేవాలి అని తగాదా. పట్నము పక్షము, పల్లె పక్షము. పట్నం కుటుంబము అనరాదు గాని, పుట్నం అనే భూస్వామి కుటుంబమునకు పక్కనున్న టాప్స్‌ఫీల్డ్ వారితో పొలిమేర వ్యాజ్యము. ఆ టాప్స్‌ఫీల్డ్ ఇంటినుండి వచ్చిన ఆడపడుచే రెబెకా నర్స్ అనే డెబ్బైయొక్క ఏండ్ల ముసలావిడ. పొలిమేర తగాదా ఎంత దూరము పోగలదో తిరుత్తణివారికి నేను చెప్పాలా? దీనికి తోడు ఉత్తరపు సరిహద్దులో యుద్ధము జరుగుతున్నది, అక్కడనుండి ఇండ్లు కాలి పారివచ్చినవారు ఈ ఊళ్లలో తలదాచుకొన్నారు. పాత పరిపాలనా శాసనము రద్దయి కొత్తది అప్పుడే వచ్చినది. భయము, కక్ష, అధికారము కుదురుగా లేని కాలము మూడూ కలిసినవి.

నింద మెల్లగా మెట్లు ఎక్కినది. భిక్షగత్తెనుండి గృహిణికి, గృహిణినుండి భక్తురాలికి, చివరకు చర్చిలో ప్రసంగించిన పురోహితునికి. నూట యాభైమందికి పైగా చెరసాలల్లో పడినారు. జూన్ 10న బ్రిజెట్ బిషప్ అనే ఆమెతో ఉరి మొదలై సెప్టెంబరు 22 నాటికి పందొమ్మిదిమందిని ఉరి తీసినారు. వారిలో పద్నాలుగుగురు స్త్రీలు, అయిదుగురు పురుషులు. కాల్చివేసినారని చాలామంది అనుకొంటారు. అది ఐరోపాలో కొన్ని దేశాల పద్ధతి. ఇంగ్లీషు చట్టములో మంత్రగత్తెకు శిక్ష ఉరి. చెరసాలలో రోగముతో పోయినవారు వేరు. అక్కడి జైలులో మరొక విచిత్రము, ఖైదీ తన తిండికి, చివరకు తన కాళ్లకు వేసిన సంకెళ్లకు కూడా తానే డబ్బు కట్టవలెను. నిర్దోషి అని తీర్పు వచ్చినా బాకీ కట్టనిదే విడుదల లేదు. టిట్యూబా అట్లా ఏడాదికి పైగా లోపలే ఉండిపోయినది. పారిస్ ఆమె ఖర్చు కట్టడానికి నిరాకరించినాడు. చివరకు వేరెవరో కట్టి తీసుకొనిపోయినారు. నేను లెక్కల మనిషిని గనుక కాబోలు, ఆ ఉదంతములో నన్ను ఎక్కువగా నొప్పించినది ఈ బాకీ చిట్టా.

ఇక నాటకము. మిల్లర్ 1952లో స్వయముగా సేలం వెళ్లి అక్కడి న్యాయస్థానములో దాచి ఉంచిన పాత రికార్డులు చదివినాడు. చదివిన తరువాత చరిత్రను కొంత మార్చుకొన్నాడు. నాటకములో అబిగెయిల్ పదునేడేండ్ల యువతి. జాన్ ప్రాక్టర్ ముప్పై దాటిన రైతు. అతని ఇంట పనికి ఉన్నప్పుడు వారిద్దరికీ సంబంధము ఏర్పడినదనీ, భార్య ఎలిజబెత్ గ్రహించి ఆమెను పంపివేసినదనీ, ఆ పగతో అబిగెయిల్ ఎలిజబెత్ పేరు చెప్పినదనీ కథ. చరిత్రలో ప్రాక్టర్ అరవై ఏండ్లవాడు, ఎలిజబెత్ ఆయన మూడవ భార్య, అబిగెయిల్ చిన్నపిల్ల. సంబంధము పూర్తిగా కల్పితము. నాటకకర్తకు ఒక మనిషి లోపలి మచ్చ కావలసి వచ్చినది. తన మచ్చ బయటపెట్టితే తప్ప భార్యను రక్షించలేని మనిషిని నిలబెట్టాలని ఆయన ఉద్దేశము. నాటకముగా చూస్తే అది బాగుగా కుదిరినది. చరిత్రగా చూస్తే మాత్రము ఒక నష్టము జరిగినది. ఊరి కక్షలు, న్యాయాధిపతుల తప్పు వెనుకకు పోయి, అనర్థమంతా ఒక ఆడపిల్ల వలపు వలన వచ్చినట్టు ప్రేక్షకునికి తోస్తుంది. పరీక్ష వ్రాసే పిల్లలు ఈ గోతిలో పడరాదు.

న్యాయాధిపతి డాన్‌ఫోర్త్ విషయములోనూ ఇట్టిదే. నాటకములో ఆయనే ముఖ్య న్యాయమూర్తి. వెనుకకు తగ్గితే ఇంతవరకు ఉరితీసినవారి సంగతి ఏమవుతుందని భయపడి ముందుకే పోతాడు. నిజముగా ఉరిశిక్షలు వేసిన ప్రత్యేక న్యాయస్థానమునకు అధిపతి విలియం స్టౌటన్. డాన్‌ఫోర్త్ ఆ న్యాయస్థానములో సభ్యుడే కాడు. మొదట ఒక విచారణలో కూర్చున్నాడు, తరువాత ఆ పద్ధతిని విమర్శించినవారిలో ఒకడైనాడు. నాటకము ప్రఖ్యాతి పొందినకొద్దీ ఆయనకు అపకీర్తి పెరిగినది. నింద తప్పని చెప్పే నాటకములోనే ఒక చనిపోయినవానిమీద కొంత నింద పడినది. మన సినిమాలలో, నాటకాలలో పాత్రల గతి కూడా ఇట్లాగే ఉంటుంది గనుక మిల్లర్ ఒక్కనినే తప్పు పట్టలేము.

సంఘర్షణ ఎక్కడ ఉన్నది? ప్రాక్టర్‌కు, అబిగెయిల్‌కు మధ్య అని గైడులు వ్రాస్తాయి. నాకు అట్లా తోచదు. అసలు సంఘర్షణ సాక్ష్యమును గురించి. పిల్లలు కచేరిలో నిలబడి, ఫలానా ఆమె ఛాయ వచ్చి నన్ను గొంతు పిసుకుతున్నది అని కేకలు వేసేవారు. ఆమె మనిషిగా అక్కడ ఇరువురు భటుల మధ్య నిలబడే ఉన్నది. ఛాయ మాత్రము పిల్ల కంటికే కనబడుతుంది. ఆ ఛాయ సాక్ష్యమును న్యాయస్థానము అంగీకరించినది. దానికి ఎదురు సాక్ష్యము ఎవరు తేగలరు? ఆ వేళకు నేను ఇంట్లో నిద్రపోతున్నాను అన్నా, నీ శరీరము నిద్రించినది, నీ ఛాయ తిరిగినది అంటారు. రెబెకా నర్స్ కొరకు ఇరుగుపొరుగువారు సుమారు నలభైమంది సంతకాలు చేసి అర్జీ ఇచ్చినారు. జూరీ మొదట నిర్దోషి అన్నది. పిల్లలు కేకలు పెట్టినారు. స్టౌటన్ మరల ఆలోచించుకొనిరండని జూరీని పంపినాడు. రెండవసారి దోషి అన్నారు. జూలై 19న ఆ ముసలితల్లిని ఉరితీసినారు. చంద్రమతికి సాక్ష్యము చెప్పేవారు లేక ఆపద వచ్చినది. రెబెకాకు నలభైమంది ఉన్నారు, అయినా ఆపద తప్పలేదు. కంటికి కనబడనిదానిని ఒకసారి సాక్షిగా ఒప్పుకొన్న తరువాత ఎరిగినవారు ఎందరుంటే ఏమి?

రెండవ మెలిక ఒప్పుకోలు. నేను మంత్రగత్తెనే, సైతానుతో ఒడంబడిక చేసుకొన్నాను అని ఒప్పుకొన్నవారిని ఉరి తీయలేదు. ఇంకెవరెవరు ఉన్నారో చెప్పుమని ప్రాణము నిలిపినారు. కాదన్నవారికి ఉరి. ఒప్పుకొని తరువాత మాట వెనుకకు తీసుకొన్న శామ్యూల్ వార్డ్‌వెల్‌కు కూడా ఉరి. కనుక అబద్ధము చెప్పితే బ్రదుకు, నిజము చెప్పితే చావు. ఒక్కొక్క అబద్ధము నుండి నాలుగు కొత్త పేర్లు. పాత్రల స్వభావము తెలిసేది ఇక్కడే. నాటకము చివరి అంకములో ప్రాక్టర్ ఒప్పుకోలు పత్రము మీద సంతకము చేసి, దానిని చర్చి తలుపుకు అంటిస్తారని తెలిసినప్పుడు చింపివేస్తాడు. ఇతరుల పేర్లు చెప్పడానికి కూడా ఒప్పుకోడు. నోటితో చెప్పమంటే చెప్పినవాడు కాగితము ఇవ్వనంటాడు. మన హరిశ్చంద్రుడు ఒకే ఒక్క మాట బొంకితే రాజ్యము నిలిచేది. ప్రాక్టర్‌కూ ఒక్క మాట చాలు. అయితే హరిశ్చంద్రుడు తొలినుండి తుదివరకు చలించని మనిషి. ప్రాక్టర్ తప్పు చేసినవాడు, భయపడినవాడు, ఒకసారి లొంగి సంతకము పెట్టినవాడు. నేటి ప్రేక్షకునికి ఇటువంటివాడు దగ్గరగా తోస్తాడు.

చరిత్రలోని ప్రాక్టర్ సంతకము చేసి చింపలేదు. ఆయన చేసిన పని వేరు. 1692 జూలై 23న చెరసాలనుండి బోస్టన్ పురోహితులకు ఒక అర్జీ వ్రాసినాడు. పిల్లవాండ్రను మెడకు మడమలకు కలిపి కట్టి, ముక్కునుండి నెత్తురు కారేదాకా ఉంచి ఒప్పించుతున్నారనీ, వారిలో తన కొడుకు ఒకడనీ, విచారణ బోస్టన్‌కు మార్చవలెననీ, లేదా న్యాయాధిపతులను మార్చవలెననీ అందులో కోరినాడు. ఎక్కడా ఆవేశము లేదు. ఏమి జరిగినది, ఏమి కావలెను, అంతే. ఆగస్టు 19న ఆయనను ఉరితీసినారు. ఎలిజబెత్ గర్భవతి గనుక ఆమె శిక్ష వాయిదాపడి, ఆ విధముగా బ్రదికినది. నాటకములో చింపిన కాగితముకంటె ఆ వ్రాసిన కాగితము నా మట్టుకు నాకు గొప్పది. కాని రంగస్థలము మీద అర్జీ వ్రాయడము చూపితే జనము లేచిపోతారు.

జైల్స్ కోరీ పాత్రను విడిచిపెట్టలేను. ఎనభై ఏండ్ల ముసలి రైతు, నోటి దురుసువాడు, వ్యాజ్యాలంటే సరదా. మొదట తన భార్య మార్తా మీదనే ఏవో అనుమానపు మాటలు కచేరిలో చెప్పివచ్చినాడు. తరువాత తన మీదకే వచ్చినది. దోషినని గాని నిర్దోషినని గాని చెప్పకుండా నోరు మూసుకొన్నాడు. జవాబు చెప్పనివానిని విచారించడానికి చట్టములో వీలులేదు. అందుకని పొలములో పడుకోబెట్టి పైన పలక వేసి రాళ్లు పేర్చినారు. సెప్టెంబరు 19న అట్లాగే ప్రాణము విడిచినాడు. మూడవ రోజున మార్తాను ఉరితీసినారు. జవాబు చెప్పి దోషిగా తేలితే ఆస్తి కొడుకులకు దక్కదని ఆయన మౌనము పట్టినాడని మిల్లర్ చూపినాడు. చంద్రమతి మాట రాక మౌనము వహిస్తే రాక్షసి అన్నారు. ఈ ముసలివాడు మాట ఉండి మౌనము పట్టితే రాళ్లు వేసినారు.

పురోహితుడు జాన్ హేల్‌ను నాటకములో మన మనసు మారిన మంచివానిగా చూస్తాము. అమాయకులు చస్తున్నారని గ్రహించి కచేరిని విడిచిపోతాడు. చరిత్రలో ఆయన మనసు మారినది తన సొంత భార్య పేరు బయటికి వచ్చిన తరువాత. గవర్నరు విలియం ఫిప్స్ భార్య మీద కూడా గుసగుసలు బయలుదేరినవి. అక్టోబరులో ఆయన ఆ ప్రత్యేక న్యాయస్థానమును రద్దుచేసినాడు. 1693లో వచ్చిన కొత్త న్యాయస్థానము ఛాయ సాక్ష్యమును తోసివేసింది. మిగిలినవారిలో దాదాపు అందరూ విడుదలైనారు. సాక్ష్యపు నియమము మారగానే మంత్రగత్తెలు మాయమైనారు!

ఆ తరువాత జరిగిన పని మాత్రము మెచ్చుకోదగినది. 1697 జనవరిలో ఉపవాస దినము పాటించినారు. శామ్యూల్ సూయల్ అనే న్యాయాధిపతి చర్చిలో అందరి ఎదుట లేచి నిలబడి, తన తప్పు ఒప్పుకోలును పురోహితుని చేత చదివించుకొన్నాడు. స్టౌటన్ ఎన్నడూ తప్పు ఒప్పుకోలేదు. నింద వేసిన పిల్లలలో ఒకతె, చిన్న ఆన్ పుట్నం, 1706లో చర్చిలో క్షమాపణ చెప్పుకొన్నది. 1711లో కుటుంబాలకు నష్టపరిహారము ఇచ్చినారు. ఎలిజబెత్ జాన్సన్ అనే ఆమె పేరు మాత్రము పట్టీలనుండి జారిపోతూ వచ్చినది. ఆమెకు సంతానము లేదు. అడిగే వంశస్థులు లేరు. చివరకు ఒక పాఠశాల విద్యార్థులు పట్టుబట్టి అడిగిన మీదట 2022లో ఆమెను నిర్దోషిగా ప్రకటించినారు. మూడు వందల ముప్పై ఏండ్లు!

మిల్లర్ ఈ పాత కథను ఊరకే తవ్వలేదు. ఆ రోజులలో అమెరికాలో కమ్యూనిస్టులన్న అనుమానముతో రచయితలను, నటులను పిలిపించి, ఇంకెవరెవరు ఉన్నారో పేర్లు చెప్పుమని సంఘాలు విచారించేవి. 1956లో ఆయననే పిలిచినారు. తన సంగతి చెప్పినాడు, ఇతరుల పేర్లు చెప్పనన్నాడు. 1957లో ధిక్కార నేరము మోపి శిక్ష వేసినారు. 1958లో పై న్యాయస్థానము దానిని కొట్టివేసింది. నాటకము వ్రాసిన మూడేండ్లకు రచయిత తన నాయకుని స్థానములో నిలబడవలసి వచ్చినది.

మన భాషలో ఇటువంటి కచేరి లేదా అంటే ఉన్నది. కాకపోతే నవ్వు పుట్టించేది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరములో ఆడినారు. మనము ఇప్పుడు చదివేది 1909 నాటి పెంచిన రూపము. లుబ్ధావధాన్లు ముసలితనములో కొని పెండ్లాడిన పిల్ల నిజానికి ఆడవేషము వేసిన మగపిల్లవాడు. వాడు వేషము విప్పి పారిపోతాడు. పెండ్లికూతురు ఏమైనది? పూజారి గవరయ్య అది పిశాచమన్నాడు, సీసాలో బిగించానన్నాడు. పోలీసులు హత్య అన్నారు. లేని పిల్లను చంపినాడని ముసలివాని మీద కేసు; ఆ కేసు చుట్టూ హెడ్డు కనిస్టీబు మొదలు వకీలు దాకా అందరికీ రాబడి. కనబడని పిశాచము ఒకవైపు, లేని శవము ఒకవైపు, నడుమ కచేరి. గురజాడవారు నవ్వించి వదిలినారు గాని, ఆ నవ్వు తీసివేస్తే మిగిలేది సేలం.

నవ్వుతో పోని చోట్లు మన తెలుగు నేలమీద ఉన్నవి. గోదావరి మన్యము వైపు చిల్లంగి అంటారు, తెలంగాణములో బాణామతి అంటారు, తక్కినచోట్ల చేతబడి. ఇక్కడి తమిళ సోదరులు బిల్లి, సూన్యము అంటారు. 1980ల దశకములో మెదక్ జిల్లాలో బాణామతి భయము ముదిరి, ఆడవారు ఊగిపోవడము, కేకలు వేయడము ఊరినుండి ఊరికి ప్రాకినప్పుడు, విజయవాడ నాస్తిక కేంద్రమువారి వంటి సంస్థలు పల్లెలు తిరిగి ఇది రోగము, మనసు బాధ, మంత్రము కాదని చెప్పవలసి వచ్చినది. అనుమానించినవానికి మంత్రము పలకకుండా పండ్లు పీకివేసే క్రూరాచారము పాత ఇంగ్లీషు దొరల వ్రాతలలో కనబడుతుంది. నిన్న మొన్నటి తెలుగు వార్తాపత్రికలలోనూ కనబడుతుంది. దేశములో హత్యల లెక్కలు కట్టే ప్రభుత్వ నివేదికలలో చేతబడి అనుమానమునకు ఒక ప్రత్యేక గడి ఉన్నది. బీహారులో 1999లో, ఒడిశాలో 2013లో దీనిమీద చట్టాలు చేసినారు. మహారాష్ట్రలో దాని కొరకు ఏండ్ల తరబడి పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న కాల్చి చంపిన తరువాతనే ఆ చట్టము వచ్చినది.

ఇది ఏదో అడవిలోని సంగతి, మనకు పట్టదని అనుకోనక్కరలేదు. పిల్లకు జ్వరము తగ్గదు. వాకిట్లో ముగ్గు పక్కన ఎవరో నిమ్మకాయ పడవేసినట్టు కనబడుతుంది. నిన్న ఎదురింటి విధవరాలు పిల్లను ఎత్తుకొన్నదన్న మాట గుర్తుకు వస్తుంది. ఆ మాట వంటింటిలో ఒకసారి అనుకొంటే వీధి చివరకు చేరడానికి రెండు రోజులు చాలు. రోగము ఎందుకు వచ్చినదో తెలియనప్పుడు మన పెద్దలకు వేరే దారి కూడా ఉండేది. తిరువళ్లూరు వీరరాఘవస్వామివారిని వైద్య వీరరాఘవుడని పిలుచుకొని, హృత్తాపనాశిని కొలనులో బెల్లము వేసి మొక్కుకొని వచ్చేవారు. ఇప్పటికీ అమావాస్యనాడు ఆ మెట్లమీద కాలు పెట్టడానికి చోటు ఉండదు. ఆ మొక్కుతో జ్వరము తగ్గుతుందా లేదా అన్న చర్చ నాకు వద్దు; డాక్టరు దగ్గరకు కూడా పొండి. నేను చూచేది ఒకటే, ఆ కొలనుకు పోయినవాడు ఎవరి పేరూ చెప్పడు.

మన సంఘములో నాటకాల సరదా ఉన్న యువకులు ఎన్నడైనా దీనిని తెలుగు చేసి ఆడదలచితే రెండు మాటలు. నాలుగు అంకములు, పాత్రలు ఇరవైకి పైగా; ఆడ పాత్రలు అరడజనుకు మించి కావలెను, కనుక ముందుగా తల్లులను ఒప్పించుకొనవలెను. డాన్‌ఫోర్త్ వేషము వేసేవాడు దుర్యోధనునివలె అరవరాదు. ఆయన మర్యాద తెలిసిన మనిషి, ఎదుటివారిని కూర్చోమంటాడు, చట్టము ప్రకారమే నడుస్తున్నానని నమ్ముతాడు. మెల్లగా మాట్లాడితేనే ఆ పాత్ర భయము పుట్టిస్తుంది. కుదరదంటే హరిశ్చంద్రే ఆడండి. కాలము చాలదని కాపలావారు చంద్రమతిని పట్టుకొనే ఘట్టమును తీసివేయడము వాడుక అయినది. ఈసారి దానిని ఉంచండి. పది నిమిషాలు పడుతుంది.